గంగమ్మ పుంజు

ఈ ఉదయం పెరట్లో ఎండిన మామిడాకుల మీద రెక్క రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. బట్టలు ఆరేస్తున్నాను. తల తిప్పకముందే కాళ్లు రెండూ నేలకు అతుక్కున్నట్టు నిలబడ్డాయి. చూస్తే అనుకున్నదే. ఈ ఏడు పెరిగిన ఎర్ర పుంజు ఒక రెక్క నేలకు వాల్చి, పక్కవాటుగా నా మీదికి వస్తోంది. నేను కదల్లేదు. అది నా ముందుదాకా వచ్చి, ఏదో గింజ కనబడినట్టు నేలను పొడుచుకుంటూ పక్కకు పోయింది. ఇలా నిలబడడం నాకు రత్నమ్మక్క నేర్పింది. ఆమె పోయి కొన్నేళ్లయినా నా కాళ్లు ఇంకా ఆమె మాటే వింటున్నాయి.

బంగారుపాళ్యంలో మా వెనక గోడకు అవతలి ఇల్లు ఆమెది. మామిడి తోటలు గుత్తకు పట్టేది. కాయల కాలంలో ఆమె మండీ వాళ్లతో తగువు పెట్టుకుంటే హైవే మీద బస్సు హారన్ కూడా వినపడదని మా ఆయన అనేవాడు. అంత గొంతున్న మనిషి కోళ్ల మధ్యకు వచ్చేసరికి గొణిగినట్టు మాట్లాడేది. మొదట్లో ఆమెంటే నాకు గిట్టేది కాదు. గోడ మీద నుంచి తొంగిచూసి నా పులుసుకు వంకలు పెట్టేది. ఆ వంకలు నిజమే కావడంతో నాకు మరింత ఒళ్లు మండేది.

మా భార్గవికి నాలుగేళ్లప్పుడు జ్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. మా అత్త మా ఊరి గంగమ్మకు పుంజును మొక్కుకుంది. ఆ గుడిలో మొక్కు పుంజును కొయ్యరు. జాతర నాడు అమ్మవారి ముందు తిప్పి, ప్రాణంతోనే గుడి దగ్గర వదిలేస్తారు. జ్వరం తగ్గింది. అత్త ఒక కుర్ర పుంజు కాలికి పసుపు గుడ్డ కట్టి, అప్పటినుంచి దాన్ని అమ్మవారి సొత్తుగానే చూసింది. అది ఎదురైతే చేతులు జోడించి పక్కకు తప్పుకునేది. గింజలు ముందు దానికే. అది వాకిట్లో పడుకుంటే లేచేదాకా మా ఆయన స్కూటర్ తీసేవాడు కాదు. అందరం కలిసి దాన్ని జమీందారును చేశాం. కాళ్లకు ముళ్లు పెరిగేసరికి అది మమ్మల్నే తరమసాగింది. ఒకరోజు ఎగిరి భార్గవి పిక్క మీద తన్నింది. రక్తం కారింది. ఆ తర్వాత పిల్ల గడప దాటితే ఒట్టు. పెరడంతా తనదన్నట్టు తిరిగిన పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది.

"దీన్ని ఎవురికన్నా ఇచ్చేద్దాం అత్తా" అన్నాను.

"పిల్ల కోసరం మొక్కిన పుంజు. మాట తప్పినాక పిల్లకేమన్నా అయితే ఎవురు చూసుకుంటారు?" అంది అత్త. ఆమె మొహంలో భయం చూశాక గట్టిగా మాట్లాడలేకపోయాను. జాతర ఇంకా చాలా దూరం. అప్పటిదాకా పిల్లతో పుట్టింట్లో ఉందామని బట్టలు సర్దుకోసాగాను.

మా మాటలు గోడ దాటి వెళ్లాయి కాబోలు, రత్నమ్మక్క వచ్చింది. పుంజు ఆమె మీదికి ఎగిరింది. ఆమె వెనక్కి తగ్గలేదు, చెయ్యి ఎత్తలేదు. అది రెండోసారి ఎగిరి కింద వాలగానే వంగి, రెక్కలు రెండూ కలిపి పట్టి ఎత్తి చంకలో పెట్టుకుంది. అలాగే వంటింట్లోకి వచ్చి, కాఫీ ఇమ్మంది.

"అమ్మవారి పుంజును సంకలో పెట్టుకుంటావా రత్నమ్మా?" అంది అత్త, చెంపలు వేసుకుంటూ.

"అమ్మవారు నిన్నూ నన్నూ మోస్తా ఉండాది. నేను దీన్ని రవంతసేపు మోస్తే తప్పేముండాది? పాపం, దీన్ని అనేదానికి లేదు. గంగమ్మ పుంజని మీరంతా దోవ ఇడిస్తిరి. ఇల్లు నాదే అనుకునింది."

ఆమె కాఫీ తాగేలోపు అది గింజుకోవడం మానేసింది. కిందికి దించితే ఒళ్లు దులుపుకుని, ఏమీ జరగనట్టు పెట్టల దగ్గరికి నడిచింది.

మరునాటి నుంచి నాకు పాఠాలు. "పరిగెత్తితే ఓడిపోయినావనుకుంటాది. తంతే పందేనికొచ్చినావనుకుంటాది. రెండూ వొద్దు. ఊరికే నిలబడు" అనేది. ఊరికే నిలబడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. కొన్నాళ్లకు నేను కూడా పుంజును చంకలో ఇరికించుకుని పెరడంతా తిరిగాను. సందెవేళ అది గూట్లో మత్తుగా ఉన్నప్పుడు రత్నమ్మక్క ఆకురాయితో ముళ్ల కొనలు రాసి మొద్దుబార్చింది. గింజలు ముందుగా పెట్టలకు వేయించింది. అది అడ్డంగా నిలబడితే మేం ఆగకుండా నిదానంగా నడవాలి, తప్పుకోవలసింది అదే అని చెప్పింది. అత్త గొణుక్కుంటూనే అన్నీ చేసింది.

అన్నిటికంటే కష్టమైన పాఠం భార్గవిది. రత్నమ్మక్క దాని చేతికి చేట ఇచ్చింది. "ముందర పట్టుకో అమ్మీ. కొట్టొద్దు, పరిగెత్తొద్దు. నేను నీ యెనకాలే ఉండా." పుంజు రెక్క వాల్చి వచ్చింది. చేటను ఒక్క పోటు పొడిచింది. పిల్ల పెదాలు వణికాయి గానీ కాళ్లు కదల్లేదు. పుంజు కాసేపు చూసి, మెడ తిప్పుకుని వెళ్లిపోయింది. "పోయింది" అంది భార్గవి మెల్లగా, తనలో తాను చెప్పుకున్నట్టు. ఆ రోజు దీపాలు పెట్టినా పిల్ల లోపలికి రాలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చాను, సంతోషం పట్టలేక. తర్వాత సర్దిన బట్టలన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టాను.

జాతర నాడు మొక్కు తీర్చుకున్నాం. గుడి దగ్గర భక్తులందరూ దండాలు పెట్టి దారి ఇవ్వడంతో పుంజుకు పాత బుద్ధి తిరిగొచ్చింది. పూజారి లబోదిబోమన్నాడు. తర్వాతి వారం రత్నమ్మక్క దాన్ని చంకలో పెట్టుకుని దర్శనం వరసలో నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని అత్త నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు.

భార్గవి ఇప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తోంది. ఇందాక, బట్టలు ఆరేయడం అయ్యాక ఫోన్ చేసింది. ఎవరో చేసిన తప్పుకు సూపర్‌వైజర్ అందరి ముందూ దాని మీద అరిచాడట.

"నువ్వేం చేసినావు?" అన్నాను.

"నిలబడినా. పరిగెత్తలా, పోట్లాడలా. అరిసి అరిసి ఆయనే గొంతు తగ్గించినాడు. అప్పుడు జరిగింది చెప్పినా. విన్నాడు." మళ్లీ తనే, "సంకలో మాత్రం పెట్టుకోలా అమ్మా" అంది.

నవ్వుకుంటూనే వెనక గోడ దాకా నడిచాను. "అక్కా" అని పిలవబోయి, ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారని అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది.