సిమెంటు పడని చేతులు

ఆ ఏడు ఎండాకాలంలో నా అరచేతులు పగిలాయి. మేం టాటానగర్‌లో, సీతారాండేరా అనే పేటలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. పొద్దున్నే నేనూ మా ఆయనా కంట్రాక్టు పనికి పోయేవాళ్ళం. ఆయన తాపీ మేస్త్రీ. నేను ఇసకా సిమెంటూ కలిపి, తట్టతో మాలు అందించేదాన్ని. మొదట వేళ్ళ సందుల్లో దురద, తరవాత సన్నటి నీటిపొక్కులు. నెల తిరక్కుండా చర్మం మందంగా అట్టకట్టి, గీతల వెంబడి చీలి రక్తం కారేది.

అన్నం కలుపుకుందామంటే ఉప్పూ కారం తగిలి ప్రాణం పోయేది. ఎనిమిది నెలల పాపకి నూనె రాయబోతే, నా చెయ్యి గీసుకుని కెవ్వుమనేది. పక్కింటావిణ్ణి బతిమాలి రాయించేదాన్ని.

పనిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు నీళ్ళకుండ దగ్గరికి వెళ్తే, తోటి కూలీ ముంత వెనక్కి లాక్కుంది.

"ఏటమ్మా అది? పెద్దరోగమేటి?"

"కాదక్కా, ఒట్టి పగుళ్ళే."

"ఏమో తల్లీ. దోసిలి పట్టు, పోత్తాను."

తాగుతూనే ఏడ్చాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పలేదు. మర్నాటి నుంచి ఆయన తన కంచం వేరే మూల పెట్టుకుంటే, ఆయనకీ అదే భయమని తెలిసింది.

వేపాకు, పసుపు, సాక్చి బజార్లో కొన్న నల్ల లేపనం, అన్నీ అయ్యాయి. చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని మాలు కలిపాను. లోపల చెమటకి ఉడికి పుండ్లు ఇంకా ఎక్కువయ్యాయి.

వానల్లో అమ్మకి ఒంట్లో బాలేదంటే పాపని తీసుకుని శ్రీకాకుళం వైపు మా ఊరు వెళ్ళాను. రెండు నెలల్లో చేతులు వాటంతటవే మానాయి. పాపకి నేనే నూనె రాసి నీళ్ళు పోశాను. ఇక పోయిందనుకున్నాను. టాటానగర్‌లో దిగి మళ్ళీ పనిలోకి వెళ్ళిన వారానికే పొక్కులు లేచాయి. ఇసక గుట్ట మీద కూలబడిపోయాను. ఊళ్ళో పని లేదు. ఇక్కడ పని ఉంది, చేసే చేతుల్లేవు.

చివరికి మా ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు అరచేతిని సూదితో పొడిచి, తెలుస్తోందా అని హిందీలో అడిగాడు. అబ్బా అన్నాను. నొప్పి తెలిసినందుకు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. కుష్టయితే సూదిపోటు తెలీదట. నాది పెద్దరోగం కాదట, నా ఒంటికి సిమెంటు పడదట.

"సిమెంట్ ఛోడ్ దో," అన్నాడు.

"మానేత్తే ఏటి తినాలి బాబూ?" అన్నాను. ఆయనకి తెలుగు అర్థం కాలేదు. మందు రాసిచ్చి, తరవాతి మనిషిని పిలిచాడు.

ఇంకో మూడు నెలలు సిమెంటే కలిపాను. ఒకనాడు నిండు తట్ట పట్టు తప్పి, మెట్ల మీంచి మా ఆయన పక్కనే పడింది. మర్నాడు ఆయన నన్ను సాక్చిలో ఒక బియ్యం కొట్టుకి తీసుకెళ్ళి, చెరిగి రాళ్ళేరే పనిలో కుదిర్చాడు. కూలి సగమే, కానీ పొడి పని.

చేతులు మానడానికి రెండేళ్ళు పట్టింది, అదీ పూర్తిగా కాదు. బూడిద తగిలినా, బట్టల సోడా తగిలినా రేగేవి. అందుకని గిన్నెలు మా ఆయనే తోమేవాడు, ఇరుగుపొరుగు నవ్వుతారని తలుపేసుకుని. ఒకసారి పాప ఆ తలుపు బార్లా తీసేసింది. వాకిట్లో ఆడవాళ్ళంతా చూశారు. ఆయన తలెత్తకుండా తోముతూనే ఉన్నాడు.