తోడు లాగే రోజు

ఒకప్పుడు మా పై ఫ్లాటులో ఉన్న జపాన్ ఆవిడ పోయింది. ఒసాకా నుంచి ఆవిడ భర్త ఫోన్ చేశారు. "రేపు కాదు, ఎల్లుండి తీసుకెళతాం. రేపు మంచిది కాదు," అన్నారు. ఎందుకని నేను అడగలేదు. ఆ సంగతి నాకు నేర్పింది ఆవిడే.

గల్ఫ్ యుద్ధం అయిపోయిన కొత్తలో వాళ్ళు ఇక్కడ బహ్రెయిన్‌లో, హూరా పేటలో మా పైన దిగారు. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు, నాకొచ్చింది కలిపితే ఒక్క మనిషికి చాలీచాలకుండా ఉండేది. అయినా కబుర్లకేం లోటు రాలేదు. వాళ్ళ వంటింటి గోడకి ఊరి నుంచి తెచ్చుకున్న క్యాలెండరు, ప్రతి తారీఖు కిందా చిన్న అక్షరాలు. ఆరు రకాల రోజులు వంతులవారీగా వస్తాయట. అన్నిటికీ మంచిదొకటి, దేనికీ పనికిరానిదొకటి. ఇంకొకటి తోడు లాగే రోజు. ఆ రోజు శవాన్ని సాగనంపితే అయినవాళ్ళని కూడా లాక్కుపోతుందని భయం.

నా కాన్పప్పుడు, మర్నాడు మంచిది, ఒక్క రోజు ఆగి ఆసుపత్రి నుంచి ఇంటికి రమ్మంది. "మన వర్జ్యాలు చాలకనా?" అని మా ఆయన నవ్వారు. ఇవన్నీ నమ్ముతారా అని ఆవిణ్ణే అడిగాను.

"నమ్మను. కానీ చూసుకుంటాను," అంది. నేనూ అంతే కదా అనుకున్నాను.

తర్వాత మా మరిది ఇక్కడే, పనివాళ్ళ క్యాంపులో, గుండె ఆగి పోయాడు. శనివారం. శనిపీనుగు తోడు లేకుండా పోదంటారు మావైపు. అందుకే పాడెకి కోడిపిల్లని కడతారు. విమానమెక్కే పెట్టెకి ఎవరు కట్టనిస్తారు? పైగా తమ్ముడి వెంట ఊరెళ్ళేది మా ఆయన. అన్నదమ్ములిద్దరూ ఒకరంటే ఒకరికి ప్రాణం. నాకు భయమేసి ఆ మాటే ఆయనతో అన్నాను.

"చదువుకున్నదానివి, అవేం మాటలే! వాడు నన్నెందుకు తీసికెళతాడు?" అని కసిరారు.

పైకెళ్ళి ఆవిడ దగ్గర ఏడ్చాను. ఆవిడ నవ్వలేదు. తప్పనిసరై ఆ తోడు లాగే రోజే సాగనంపాల్సివస్తే, వాళ్ళ ఊళ్ళో శవపేటికలో ఒక బొమ్మని పెడతారట. లోపలికెళ్ళి తన కూతురి చిన్నప్పటి బొమ్మని తెచ్చి, కూర్చుని దాని జుట్టు దువ్వింది.

ఆసుపత్రిలో పెట్టె మూసే మనిషి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. బొమ్మని చూసి ఊరుకున్నాడు. ఆవిడ దాన్ని మరిది చెయ్యి పక్కన పడుకోబెట్టి, చెవిలో ఏదో చెప్పింది. మా ఆయన వద్దనలేదు.

ఆయన ఊరెళ్ళి, కర్మ జరిపించి, క్షేమంగా తిరిగొచ్చారు. బొమ్మ వల్లనేనని నేననను, కాదనీ అనను. ఆ రోజు ఆవిడ లేకపోతే నేనేమైపోయేదాన్నో.

చాలా రోజులకి అడిగాను, బొమ్మతో ఏం చెప్పారని.

"దారిలో అల్లరి చెయ్యకు, బాబాయి చెయ్యి వదలకు అన్నాను."