అరవై నాలుగు అతుకులు

హెప్సిబాకు తొందరంటే తెలియదు. మొన్నటి ఆదివారం దాకా ఈ మాట నేను తిట్టుగానే అనేవాణ్ణి.

పూర్ణ అనే ఊళ్లో ఒక గోదాములో మేమిద్దరం కంప్యూటర్ల పని చూస్తాం. ఇద్దరిదీ దగ్గర్లోని మగ్గాల పేట పద్మనగరే. హెప్సిబా వాళ్ల నాన్న అబ్రహాము వైపని చేస్తాడు. మగ్గం మీద బీము, అంటే పడుగు నూలు చుట్టిన రోలరు, అయిపోవస్తే కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతికి, ఊడదని గుంజి చూడడమే వైపని. బీముకు మూడు నాలుగు వేల పోగులు. వరుస తప్పితే బట్ట చెడుతుంది. చిన్నప్పుడు సెలవుల్లో హెప్సిబా ఆయన ఎదురుగా కూర్చుని పోగులు అందించేది.

ఆ ఆదివారం గోదాము సర్వరు మార్చాలి. సరుకు వివరాలన్నీ కొత్తదాంట్లోకి కాపీ కావాలి, సరిచూడాలి, ఆ తర్వాతే పాతదాన్ని తుడిచేయాలి. ముందే తుడిస్తే ఏ పెట్టె ఎవరిదో చెప్పే దిక్కుండదు. మొత్తం అరవై నాలుగు పనులు. వీటిని వరుసగా నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరి వంతు వస్తే వాళ్లకే బటన్ తెరుస్తుంది. శనివారం నేను పనులన్నీ ఎక్సెల్ షీటులో రాసి ఒక్క దెబ్బకు ఎక్కించేశాను. అన్నీ చేరాయని తెర మీద పచ్చగా వచ్చింది. ఛాయ్‌కి లేచాను.

"స్వామన్నా, ఆగు," అంది హెప్సిబా. "చేరినయ్ గని అతకలే."

"ఏంది అతికేది?"

చూపించింది. పనుల పేర్లు వచ్చాయి, మనుషులు వచ్చారు, టైములు వచ్చాయి. దీని తర్వాతే అది అనే లంకె మాత్రం ఒక్కటీ రాలేదు. షీటులో ఆ గడి నేను నింపాను, సాఫ్ట్‌వేర్ దాన్ని చదవనే లేదు. అరవై నాలుగు బటన్లూ ఒకేసారి తెరుచుకుని ఉన్నాయి, తుడిచేసేదానితో సహా.

"షీటు దిద్ది మళ్ల ఎక్కిద్దాం."

"పాతవి పోవన్నా. పక్కపొంటి ఇంకో అరవై నాలుగొచ్చి కూసుంటయ్. చేత్తోనే అతకాలె."

"గట్లయితే పొద్దుగూకుతది!" అని విసుక్కున్నాను. ఆమె వినిపించుకోలేదు. ఒక్కో పనినీ తెరిచి దాని ముందుదానికి కలిపింది. కలిపి ఊరుకుందా? ముందుపని కాకుండానే తెరుచుకుంటుందేమోనని ప్రతి బటనూ నొక్కి చూసింది. మధ్యాహ్నం తినాల్సిన డబ్బా సాయంత్రం తెరిచింది.

ఆదివారం చర్చిలో ఆరాధన మానుకుని మరీ వచ్చింది. పదకొండింటికి పూణె నుంచి రితేష్ ఫోన్ చేశాడు. పాత సర్వరు తుడిచేయాల్సింది అతనే. టైమయినా బటన్ తెరుచుకోవడం లేదని హిందీలో అరుస్తున్నాడు. నేను కాపీ ఎంతయిందో చూశాను. సగమే అయింది. ఆ బటన్ తెరుచుకుని ఉంటే మిగతా సగం పోయేదే.

"భాయ్, కాపీ అభీ ఆధా హువా హై. రుకో," అని హెప్సిబా నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆగమని చెప్పి పెట్టేసింది.

సాయంత్రం పనంతా సవ్యంగా ముగిశాక, ధామన్కర్ నాకా కూడలిలో ఆటో దిగి హెప్సిబాతో నేనూ వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. జరిగిందంతా అబ్రహాముకు నేనే చెప్పాను, నా తప్పు దాచకుండా. ఆయన కూతురి వైపు చూశాడు.

"ఎన్ని అతికినవ్ బిడ్డా?"

"అరవై నాలుగు నాయినా."

"గంతేనా?" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "గుంజి చూసినవా?" అన్నాడు.

"అన్నీ చూసిన."

తృప్తిగా తలూపి నా వైపు తిరిగాడు.

"మరి నువ్వు గుంజి చూసినవా, స్వామీ?"

ఆ పిల్ల పక్కన కూర్చుని పనిచేస్తున్నందుకు నాకు గర్వంగానే ఉంది. కానీ తలొంచుకుని పళ్లెంలో అన్నం కలుపుకున్నాను.