డబ్బాలో నలభై చీటీలు

మా స్టాటిస్టిక్స్ సారు బోర్డు దగ్గరికి ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. చీటీ తీసేవాడు. డిగ్రీ మొదటి సంవత్సరంలో మేం నలభై మంది ఆడపిల్లలం. ఒక్కో చీటీ మీద ఒక్కో రోల్ నంబరు రాసి, మడిచి డబ్బాలో వేయాలి. క్లాసుకు మూడుసార్లు ఆయన కళ్లు మూసుకుని డబ్బాలో చెయ్యి పెట్టేవాడు. ఎవరి నంబరు వస్తే వాళ్లు లేచి వెళ్లి లెక్క చేసి, అది ఎట్లా వచ్చిందో ఇంగ్లిష్‌లో చెప్పాలి. చెప్పలేకపోతే పది బోర్డు మార్కుల్లో ఒకటి పోతుంది. తీసిన చీటీని మడిచి మళ్లీ డబ్బాలోనే వేసేవాడు. "డబ్బాకు జ్ఞాపకం ఉండదమ్మా. ఇంతకుముందు ఎవర్ని పిలిచిందో దానికి తెల్వదు" అని ప్రతి వారం చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆ డబ్బా మాది. వరంగల్ చౌరస్తా దగ్గర మా నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. సారు డబ్బా కావాలనగానే, మూత గట్టిగా పట్టేదొకటి ఏరి, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుతో కాలేజీ పేరు కూడా కొట్టించి తెచ్చిచ్చాను. డబ్బా తెచ్చినదాన్ని కాబట్టి చీటీలు రాసే పని, డబ్బాను దాచే పని నాకే వచ్చాయి. నేను అందులో నలభై కాదు, నలభై ఆరు వేశాను.

ఎక్కువ వేసిన ఆరింటి మీదా ఒకే నంబరు రాశాను. ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి అంటే నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయి. పొద్దున్నే రైలెక్కి వరంగల్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో హనుమకొండకు వచ్చేది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం, స్కూల్లో లెక్కల్లో ఎవరైనా నా తర్వాతే. నాకంటే మూడు నెలలు పెద్దదై ఉండి కూడా నన్ను అక్కా అనేది, దుకాణం వాళ్ల బిడ్డనని. నాకది బాగానే ఉండేది.

గొడవంతా మొదటి వారంలో వచ్చింది, ఇంకా డబ్బా రాకముందు. సారు పేకముక్కల లెక్క ఇచ్చాడు. యాభై రెండు ముక్కల్లో ఒకటి తీస్తే అది రాజు గానీ ఆటీను గానీ అయ్యే అవకాశం ఎంత? నేను లేచి గడగడా చెప్పేశాను. రాజులు నాలుగు, ఆటీన్లు పదమూడు, మొత్తం పదిహేడు, కాబట్టి యాభై రెండింట పదిహేడు. కూర్చోబోతుంటే వెనక బెంచీ నుంచి గొంతు వినబడింది.

"అక్కా, ఆటీను రాజును రెండుసార్లు లెక్కవెట్టినవ్. పదహారే అయితయ్."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "కరెక్ట్. పేకాట ఎక్కడ నేర్చినవమ్మా?" అని అడిగాడు. "మా బాపు ఆడుతడు సార్" అంది. దానికి ఇంకా పెద్దగా నవ్వారు. రెండోసారి నవ్వింది ఆమెను చూసి. నా చెవుల్లో మాత్రం మొదటి నవ్వే ఉండిపోయింది.

బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చింది. "ఏమనుకోకు అక్కా, నోట్లకెంచి అట్లనే వచ్చేసింది."

"అయ్యో, దానికేంది? జర గూడ ఫికర్ చెయ్యకు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. నాకు నవ్వడం బాగా వచ్చు.

తర్వాతి వారం చీటీలు రాశాను. రెండు కాగితాలు కత్తిరిస్తే నలభై ఎనిమిది ముక్కలు వచ్చాయి. రెండు పాడయ్యాయి. నలభై మందికి రాశాక ఆరు మిగిలాయి. మిగిలాయి కాబట్టి రాశానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. అదంతా ఉత్తదే. కోపంతో రాశాను, కుదురుగా కూర్చుని, మంచి చేతిరాతతో రాశాను.

ఇక ఆమెకు పిలుపులు మొదలయ్యాయి. పోయిన క్లాసులో పిలిచిన మనిషిని మళ్లీ ఈ క్లాసులో. లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. సుద్దముక్క పట్టుకుంటే ఆమెకు ఎక్కడా ఆగే పని ఉండేది కాదు. లెక్క అయిపోయి మా వైపు తిరిగేసరికి మాత్రం నోరు పడిపోయేది. "సార్... దిస్ ఈజ్... టోటల్..." అని చున్నీ కొసను వేలికి చుట్టుకునేది. పత్తికాయ ముళ్లు గీరిన ఆ వేళ్లు మొదటి బెంచీలో ఉన్న నాకు స్పష్టంగా కనిపించేవి. సారు నిమిషం చూసి, "రూల్ ఈజ్ రూల్" అని పుస్తకంలో గీత పెట్టేవాడు. రెండుసార్లు మాత్రం ఎట్లాగో గట్టెక్కింది. నా నంబరు కూడా ఒకసారి వచ్చింది. చక్కగా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఒకరోజు మొదటి రెండు చీటీలూ ముప్పై ఒకటే వచ్చాయి. సారుకు ఎక్కడలేని సంతోషం. పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏం దొరుకుతుంది? ఆమెను బోర్డు దగ్గరే నిలబెట్టి, "నీకే రెండుసార్లు వరుసగా వచ్చే అవకాశం ఎంతో నువ్వే చెయ్యి" అన్నాడు. ఆమె చేసింది. నలభైలో ఒకటి ఇంటూ నలభైలో ఒకటి. పదహారు వందల్లో ఒకటి. "చూసిండ్రా, ఎంత లక్కీ!" అన్నాడు. ఆ రోజు నుంచి క్లాసంతా ఆమెను లక్కీ అని పిలిచేది. ఆ పదహారు వందల్లో ఒకటిని ఇంగ్లిష్‌లో వివరించలేకపోయినందుకు ఇంకో మార్కు పోయింది.

బోర్డు మార్కులు నాలుగైనా లేకపోతే ఆ పేపరు పరీక్ష రాయనివ్వరు. ఇంట్లో వాళ్లన్న ముందే చెప్పాడట, ఒక్క పేపరు ఆగినా రైలు పాసు బంద్, చేన్లకు రావాల్సిందేనని. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, అన్నం తినేటప్పుడు, నా టిఫిన్ డబ్బాలోంచి పెట్టిన వంకాయ కూర తింటూ. వింటూ వింటూ ఇంకో చెంచా వేశాను.

పరీక్షలకు రెండు వారాల ముందు నన్ను మెట్ల దగ్గర ఆపింది. చేతిలో లాంగ్ నోట్‌బుక్. తెరిచి చూపించింది. మొదటి రోజు నుంచి సారు తీసిన ప్రతి చీటీ నంబరూ అందులో ఉంది. తేదీ, నంబరు, పక్కన నిలువు గీతలు, ఐదో గీత అడ్డంగా.

"ఇదంతా ఎందుకు రాసినవ్?" అన్నాను.

"ఊకెనే. ఇష్టమై రాసిన" అంది. "ఇరవై క్లాసులు. అరవై చీటీలు తీసిండు. నలభై మందిమి కదా, నాకు రావాల్సింది ఒకటిన్నర. అంటే ఒకసారో, రెండుసార్లో. తొమ్మిదిసార్లు వచ్చింది. నా నసీబే ఇంత అనుకున్న. మల్ల అనిపించింది, డబ్బాకు నా మీద పగెందుకుంటదని."

నేను మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమోనని చూశాను.

"నాయి ఎక్కువ చీటీలు ఎన్ని వడితే తొమ్మిది వస్తదో చూసిన. ఐదు పాయింట్ ఎనిమిది ఎనిమిది వచ్చింది. చీటీ ముక్కలైతే వెయ్యరు గద. ఆరు." నోట్‌బుక్ మూసింది. "ఆరేనా?"

అక్కా అనలేదు.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను.

"నాకు మూడు మార్కులున్నయి. ఇంకొక్కటైతే చాలు. సార్‌కు నువ్వే చెప్పు. పొరపాటున వడ్డయని చెప్పు, నేనేమన. రేపటిదాంక చూస్త."

ఇంత మంచిగా దారి ఇచ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒక్క మాట చెబితే అయిపోయేది. సారు ఓ నాలుగు తిట్లు తిట్టేవాడు, అంతే. ఆ నాలుగు తిట్లు ఆమె ముందు పడటం నాకిష్టం లేదు.

ఆ సాయంత్రం దుకాణంలో గల్లా పక్కన కూర్చుని కొత్త కాగితాలు కత్తిరించాను. సరిగ్గా నలభై రాశాను. నాన్న ఎవరికో బిందె చూపిస్తూ, "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. కాలేజీ పని అన్నాను. పాత చీటీలు నలభై ఆరింటినీ ప్యాకింగు గడ్డితో పాటు చెత్త అట్టపెట్టెలో పడేశాను.

మర్నాడు క్లాసులో ఆమె నా వైపు చాలాసేపు చూసింది. నేను పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడు లేచి నిలబడింది. "సార్, డబ్బాల నాయి ఎక్కువ చీటీలున్నయి."

సారు కోపగించుకోలేదు, ముచ్చటపడ్డాడు. "వచ్చి ప్రూవ్ చెయ్. ఇన్ ఇంగ్లిష్."

ఆమె బోర్డు మీద రాసింది. ఎక్కువ పడిన చీటీలు ఎక్స్ అనుకుంది. ఒకటి ప్లస్ ఎక్స్ బై నలభై ప్లస్ ఎక్స్. ఇటు వైపు అరవైలో తొమ్మిది. మూడు వరుసల్లో ఐదు పాయింట్ ఎనిమిది ఎనిమిది తేల్చింది. ఆ పాఠం మాకింకా చెప్పలేదు. సారు ఆ మూడు వరుసలనూ రెండుసార్లు చదివాడు. తర్వాత డబ్బా తెమ్మన్నాడు. నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

టేబుల్ మీద కుమ్మరించి ఇద్దరితో లెక్కపెట్టించాడు. నలభై. ముప్పై ఒకటి ఒక్కటే ఉంది.

"సే సారీ" అన్నాడు సారు.

ఆమె సారీ చెప్పలేదు. ఒక చీటీ తీసి విప్పింది. రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దింది. ఇంకొకటి తీసి అదీ రుద్దింది. తర్వాత సారు వైపు తిరిగి, ఆ బోర్డు దగ్గర ఎప్పుడూ లేనంత స్పష్టంగా అంది.

"సార్, ద పేపర్ ఈజ్ న్యూ."

క్లాసు పగలబడి నవ్వింది. సారు ఆ చీటీ అందుకున్నాడు. సుద్దపొడి అంటిన వేళ్లతో అరవైసార్లు ఆ డబ్బాలో చెయ్యి పెట్టిన మనిషి. పాత చీటీలు మాసి, మడతల దగ్గర చిరిగి, మెత్తబడి ఉండాలి. ఇది పెళపెళమంటోంది. ఆయన నన్ను చూశాడు. నేను కళ్లు దించుకోలేదు. ఆయనకు తెలిసిపోయింది, అందులో నాకు అనుమానం లేదు. తెలిసిందని ఒప్పుకుంటే ఏడు మార్కులు వెనక్కివ్వాలి, మళ్లీ డబ్బా జ్ఞాపకం గురించి మాట్లాడటానికి మొహం చెల్లదు.

చీటీని మడిచి డబ్బాలో వేశాడు. "సో?" అన్నాడు.

ఆ తర్వాతి మాటకు ఆమె దగ్గర ఇంగ్లిష్ లేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. సారు పుస్తకంలో గీత పెట్టాడు. మూడు రెండయ్యింది.

మర్నాటి నుంచి రాలేదు. ఆమె ఎక్కే రైల్లోనే వచ్చే అమ్మాయి చెప్పింది, పత్తి ఏరుతోందని. ఆ సంవత్సరం స్టాటిస్టిక్స్‌లో కాలేజీ ఫస్ట్ నేనే. సిగ్గు పడ్డాననీ, నిద్ర పట్టలేదనీ రాస్తే అబద్ధం. హాయిగా పడుకున్నాను. ఆమె రాకపోవడం నాకు బాగుంది.

ఇప్పుడు నేనే ఈ ఊళ్లో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఆ పాఠం మొదటిసారి చెప్పిన రోజున, ఉదాహరణ కోసం వెతుక్కుంటూ ఆ మూడు వరుసలూ నా చేత్తో రాశాను. అప్పటిదాకా ఆ లెక్క సరైనదో కాదో కూడా నేను చూడలేదు. సరిగ్గా వచ్చింది. పిల్లల ముందు నిలబడి ఉండగా నాకు సిగ్గు అప్పుడు వచ్చింది, ఏడేళ్లు ఆలస్యంగా. ఇప్పటికీ పోలేదు.

ప్రతి సంవత్సరం ఈ లెక్క ఇస్తాను. నలభై మంది, అరవై చీటీలు, ఒక నంబరు తొమ్మిదిసార్లు. పిల్లలు చేస్తారు. ఐదు పాయింట్ ఎనిమిది ఎనిమిది వస్తుంది. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "నిజంగ ఎన్ని ఏసిండ్రు మేడం?" అని.

"దగ్గరి అంకెకు రౌండ్ చేసి రాసుకోండి" అని బోర్డు తుడిచేస్తాను.