గట్టు మీద ముందు నడిచినవాణ్ణి

ఆ రోజుల్లో ఒళ్ళు వంచడమంటే నాకు ప్రాణసంకటంగా ఉండేది. ఎస్సెల్సీ తప్పి, ముత్తుకూరు దగ్గర మా ఉప్పుమడిలో పనికి దిగాను. పంతొమ్మిదేళ్ళ వయసు. కూలీలను పెట్టుకునే స్తోమత అక్కడెవరికీ లేదు. అందుకని ఈరోజు పక్కవాళ్ళ మడిలో మేము, రేపు మా మడిలో వాళ్ళు. మడి ఎవరిదో వాళ్ళు గంపలు నింపి నెత్తికెత్తాలి, మిగిలినవాళ్ళు మోయాలి. సన్నటి గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచి, ఎత్తు దిబ్బ మీద కుప్పపోసి తాటాకు కప్పాలి. గట్టు మీద ఇద్దరు పట్టరు కాబట్టి ముందున్న మనిషి ఎలా నడిస్తే వెనకున్న పదిమందీ అలాగే నడవాలి.

ఎప్పుడూ ముందుండేది ఉరుకులక్క. (అసలు పేరు వేరే. ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు.) భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆమెకున్న ఒక్క మడిలో ఉప్పే ఆ ఇంటికి తిండి. ఆమె నెత్తిన గంప పెట్టుకుందంటే వెనక మేమందరం పరుగే. ఒకసారి చెల్లెలి పురుడని ఆమె నాలుగు రోజులు ఊరెళ్ళింది. నేను తగుదునమ్మా అని ముందు చోటుకు చేరాను. పది అడుగులకొకసారి గంప కింది చుట్టకుదురు సర్దుకోవడం, లేని ముల్లు తీసుకోవడం, వెనక్కి తిరిగి కబుర్లు చెప్పడం. తిడతారేమో అనుకున్నాను. "నువ్వే ముందు నడువు నాయనా, మా నడుములు నిలిచినాయి" అని దీవించారు. అంత మర్యాద నాకు అంతకుముందెన్నడూ దక్కలేదు.

అక్క తిరిగొచ్చిన మర్నాడు పని ఆమె మడిలోనే. ఆమె గంపలు నింపుతోంది, ముందు నేనే నడుస్తున్నాను.

"ఏందబ్బయా, పెళ్ళికూతుర్ని నడిపిస్తా ఉండావా? తూరుపు దిక్కు చూడు, మబ్బు!" అని కేకేసింది.

"అది ఉత్త మబ్బులే అక్కా" అన్నాను. వెనకవాళ్ళు పగలబడి నవ్వారు. అంతమంది నవ్వాక నేను వేగంగా ఎలా నడుస్తాను?

మధ్యాహ్నం దాటగానే సముద్రం మీది నుంచి వాన విరుచుకుపడింది. సగం ఉప్పు ఇంకా మడి అంచునే ఉంది. అప్పుడు పరుగెత్తాం (అందరం అంత బాగా పరుగెత్తగలమని అప్పుడే తెలిసింది). గంపల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అక్క ఉప్పు మీద కొంగు కప్పి అలాగే వంగి నిలబడిపోయింది. వాన వెలిసేసరికి కొంగు కింద ఏమీ మిగల్లేదు. అక్క కొంగు పిండుకుని, ఖాళీ గంపలు ఏరి ఒకదాంట్లో ఒకటి పెట్టింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు రోజులకు మా ఉప్పు కాలువ పడవకెక్కించాలి. అదంతా అక్క ముందు నడిచిన రోజుల్లో దిబ్బకు చేరిందే. ఆమె రాదనుకున్నాను. అందరికంటే ముందొచ్చింది. గంప నింపి ఆమె నెత్తికెత్తవలసినవాణ్ణి నేను. తలెత్తకుండా సగం పోశాను.

"ఏందబ్బయా, సగమే పోస్తా ఉండావు? నిండా పొయ్యి. పడవ కాసుకోనుండాది" అంది. నిండా పోశాను. ఆమె ఉరికింది, ఆమె వెనక అందరూ ఉరికారు.

ఇప్పుడు మా మనవళ్ళతో, పంతొమ్మిదేళ్ళకే పదిమందిని ముందుండి నడిపించానని చెప్పుకుంటుంటాను. అక్క మడి సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఈ వయసులో కూడా పిల్లల దగ్గర ఆ మర్యాద పోగొట్టుకోలేక తంటాలు పడుతున్న నన్ను చూస్తే, నాకే నవ్వొస్తుంది.