ఉపవాసం ఉన్న బోరు

పోయిన నెల మా బావమరిది కొత్త ఇంట్లో పాలు పొంగిస్తే వెళ్లాము. మాది నారాయణఖేడ్ దిక్కు, నా అత్తగారి ఊరు బాన్సువాడ దిక్కు, కాలువ కింద ఉంటుంది. ఒకప్పుడు అక్కడ నీళ్ల గురించి మాట్లాడేవాళ్లే ఉండేవారు కారు, గాలి గురించి మనం ఎంత మాట్లాడతామో అంతే. ఈమధ్య కాలువ చివరి దాకా నీరు అందని ఏడాదులు వస్తుండటంతో అక్కడా బోర్లు వేసుకుంటున్నారు. భోజనాలయ్యాక బావమరిది గర్వంగా కొత్త బోరు మోటారు వేశాడు. అది కాసేపు బాగానే పోసి, దగ్గి, ఆగిపోయింది. మా మామ మీసం తుడుచుకుని, "గిది గూడ ఖేడ్ బోరే అయింది పో! అల్లుని కాకను పిలువుండ్రి, త్రీ ఫేజు పోయిందని చెప్తడు" అంటూ, మా కాక, అంటే మా చిన్నాన్న, తనను మోసం చేసి నాకు పిల్లను ఎట్లా తెచ్చాడో పందిట్లో అందరికీ మరోసారి వినిపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా కాక పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఆ నవ్వు నాకు అరగలేదు. ఎందుకంటే ఆ మోసం కాకది కాదు, నాది.

నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు గాని, ఆ రోజుల్లో నారాయణఖేడ్ చుట్టుపక్కల పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు పిల్లవాణ్ణి తర్వాత చూసేవారు, ముందు బోరును చూసేవారు. మంజీర మాకు మరీ దూరమేమీ కాదు. కాని ఏరు పల్లంలో, మా చేలు మెట్టలో. కింది ఊళ్లకు వరి, మాకు జొన్న, కంది. అందులో ఎవరి తప్పూ లేదు, నేల వాలు అటుంది. నాకు కొంత చదువుండేది, పప్పుమిల్లులో కొలువుండేది, ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గాని తలనిండా జుట్టు కూడా ఉండేది. అయినా వచ్చిన సంబంధమల్లా పెరట్లో బోరు దగ్గర ఆగి, అటునుంచి అటే బస్సెక్కేది. దోషం నా జాతకంలో లేదని, బోరులో ఉందని మా అమ్మ తీర్మానించింది.

అందుకని కాలువ కింది సంబంధం వస్తోందనగానే నాకొక ఉపాయం తోచింది. మా బోరును ముట్టకుండా వదిలేస్తే అడుగున నీరు ఊరుతుంది. వచ్చినవాళ్ల ముందు వేస్తే చెయ్యంత లావున పోస్తుంది. అయితే భూమి లోపల గోడలుండవు కదా, పక్కవాళ్ల బోరు నడిస్తే మాది ఊరదు. ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. ఒక ఇంట్లో పెళ్లి ఆగితే వాడకట్టుకంతా నామోషీ అనుకునే కాలం అది, అందరూ సరేనని మోటార్లు బంద్ పెట్టారు. ఎదురింటి ముసలమ్మ మాత్రం, "మూట నిండ మైలబట్టలున్నయి బిడ్డా. గీ పిల్ల కుదరకుంటే ముంగట నిన్నే పిండుత" అని హెచ్చరించింది.

వద్దన్నవాడు ఒక్క కాకే. నాన్న లేని మా ఇంటికి ఆయనే దిక్కు. "ఉన్నది ఉన్నట్టు చెప్పురా. రేపు పిల్ల వచ్చినంక నీళ్లు యాడికెళ్లి తెస్తవ్?" అన్నాడు. నేను వినలేదు.

మామ వచ్చాడు. కాళ్లు కడుక్కుంటానన్నాడు. మోటారు వేస్తే నీళ్లు ఉరికి దూకాయి, మా అమ్మ ముఖం వెలిగిపోయింది. కాని మామ కాలువ ఒడ్డున పెరిగిన మనిషి, నీళ్లను ఆపాలన్న సంగతే ఆయనకు తెలియదు. కాళ్లయ్యాక ముఖం, ముఖమయ్యాక తువ్వాలు, తువ్వాలయ్యాక చెప్పులు. ఇంతలో ఆ చప్పుడు వాడకట్టులోని బర్రెలకు వినబడింది. మనుషులతో పాటు వాటికీ ఉపవాసమే కదా! ఒకటి గుంజ పీక్కొని వచ్చింది, దాని వెనక మిగిలినవన్నీ వచ్చాయి. వాటి యజమానులు వెనకే వచ్చి, తోలలేక, ఊరుకోలేక నిలబడ్డారు. మామకు పట్టరాని సంతోషం. "తాగనియ్యుండ్రి, నోరులేని జీవాలు. నీళ్లకేమన్న కరువా?" అన్నాడు. ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు.

అప్పుడే పైపు దగ్గింది. నేను కాక వైపు కళ్లతో దండం పెట్టాను. ఆయన మెల్లగా మోటారు ఫ్యూజు పీకి, "కరెంటు పోయింది బావా" అన్నాడు. బాగానే ఉంది గాని, అరుగు మీద టేబుల్ ఫ్యాను మాత్రం అటూ ఇటూ తల తిప్పుతూ పెద్దలందరినీ పలకరిస్తూనే ఉంది. మామ దానివంక చూశాడు. "గది సింగిల్ ఫేజు బావా. మోటరుకు త్రీ ఫేజు గావాలె. మాకు గదే పరేషాన్" అన్నాడు కాక. చేనుకు నీళ్లు వాటంతట అవే నడిచొచ్చే ఊరి మనిషికి ఫేజుల గొడవ ఏం తెలుస్తుంది? నీళ్లు మస్తున్నా కరెంటు లేని మా బతుకులకు జాలిపడి పిల్లనిచ్చాడు.

మొదటి ఎండాకాలంలోనే గుట్టు బయటపడింది. మామ బియ్యం మూటతో చెప్పకుండా వచ్చేసరికి, ఆయన బిడ్డ ఊరవతల బావి నుంచి బిందెలు మోసుకొస్తూ దారిలోనే ఎదురైంది. మూట వాకిట్లో పడేసి, "ఎవడు చేసిండు గీ దగా?" అని అరిచాడు. నా పేరు చెబితే బిడ్డను వచ్చిన బస్సులోనే తీసుకుపోయేవాడు. నేను తలుపు చాటున లుంగీ ముడి సవరించుకుంటున్నాను. "నేనే బావా. పిలగానికేం తెల్వది" అన్నాడు కాక. సగం తెరిచిన నా నోరు మళ్లీ మూసుకుంది. అది మొన్నటిదాకా అట్లాగే ఉంది.

పోయిన వారం వెళ్లి మామతో నిజం చెప్పాను. ఆయన నావంక ఎగాదిగా చూసి, "మరి బర్లను గూడ నువ్వే పిలిచినవా?" అన్నాడు. లేదు, అవి వాటంతట అవే వచ్చాయన్నాను. పెద్దగా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "మీ కాకను ఒక్కపారన్న అన్నానికి పిలువలేదు గద అల్లుడా" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లోకి నల్లా నీళ్లు వచ్చాయి. వాడకట్టులో ఎవరి బోరు వారిది. పక్కవాడు వేస్తే ఇంకొంచెం లోతుకు వేయిస్తారు గాని, ఒకరి పెళ్లికోసం ఇంకొకరి బర్రె నీళ్లు లేక దూపతో ఉండే కాలం కాదు. నేను అత్తగారింటి నుంచి వచ్చినప్పుడల్లా కాక అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఏమేం వండారో ఒక్కొక్కటే అడిగేవాడు. సన్నబియ్యం అన్నం, కాలువ చేపల పులుసు, అన్నీ చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకుని విని, "పులుసుల జర ఉప్పు తక్కువైనట్టుందిరా" అనేవాడు. మొన్న నిజం చెప్పి వచ్చిన రోజు కూడా అక్కడ చేపల పులుసే పెట్టారు. ఇంటికొచ్చి, అడిగేవాడు లేని అరుగు మీద కూర్చున్నాను.