జింకలు రాని శనగచేను

మా పుట్టినూరు పెద్దముడియం దగ్గర. పెళ్లయ్యాక నేను ప్రొద్దుటూరు వచ్చి, అక్కడే ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. మా అన్న జమ్మలమడుగులో ఇంటర్ చదివాడు. నాయన పోయాక ఊరికి తిరిగొచ్చి సేద్యంలో దిగాడు. పైకి చదవలేకపోయానే అన్న దిగులు ఆయనలో ఎప్పుడూ చూడలేదు నేను. తర్వాత వచ్చిన దిగులు వేరు.

మా చేను ఊరికి తూర్పున చివరిది. దాని గట్టు దాటితే బీడు మొదలవుతుంది. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగుకంపలు, దూరంగా గుట్టలు. కాగితాల్లో బంజరు అని ఉండేదట. గొర్రెలవాళ్లు తప్ప అటు పోయేవాళ్లు తక్కువ. జింకలు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉండేవి. నా చిన్నతనంలో అన్న నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని బీడు పక్క దారిలో తీసుకుపోయేవాడు. మంద అడ్డం వస్తే దిగి నిలబడేవాడు. మెలిపెట్టినట్టున్న కొమ్ముల నల్ల మగజింక ముందు దాటేది. దాని వెనకాల ఆడవి ఒక్కొక్కటీ గాల్లోకి ఎగిరి దాటేవి. "మాట్లాడొద్దు పాపా, అవి పోనీ" అనేవాడు. నాకు తొందరగా ఉన్నా ఆయనకు ఉండేది కాదు.

మాది నల్లరేగడి. బోరు లేదు. వానాకాలం చివర్లో ఒకటి రెండు మంచి వానలు పడితే శనగ వేస్తాం. ఆ తర్వాత మంచుతోనే పంట పండుతుంది. తెల్లవారి చేలో నడిస్తే ఆకుల మీది పులుపు కాళ్లకంటుకుని మంట పుడుతుంది. అలాంటి పంట మా కళ్లెదుటే దారి తప్పింది. ఒక ఏడు వానే రాలేదు. ఇంకో ఏడు కాయ పట్టే సమయానికి తుపాను వాన పడి చేను చేనంతా నల్లబడింది. అన్న పంచాంగం చూడడం మానేసి ఫోనులో వాతావరణం చూడడం మొదలుపెట్టాడు. అదీ మానేశాడు.

అలాంటి రోజుల్లోనే బీడులో సోలార్ ప్లేట్లు పెడతారన్న మాట వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి మీటింగు పెట్టారు. నేను ఆ రోజు ఊర్లోనే ఉన్నాను. వచ్చిన అధికారి చాలా మర్యాదస్తుడు. బొగ్గు కాల్చి కరెంటు తీయడం వల్ల వాతావరణం ఎట్లా చెడుతోందో, వానలు ఎందుకు గతి తప్పుతున్నాయో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఆయన చెప్పిందాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. అందుకే మా అన్నకు ఆ మాటలు గుండెకు తగిలాయి. లేచి మైకు అడిగి తీసుకున్నాడు.

"సార్, మాకు వాన లేదు. ఎండకు మాత్రం కరువు లేదు. ఆ ఎండన్నా దేశానికి పనికొస్తాదంటే మేము యాలొద్దంటాం? మా పిల్లోల్లకు ఈడనే పనులు దొరకాల, అంతే."

జనం చప్పట్లు కొట్టారు. గొర్రెలాయన ఒకడు వెనక నుంచి మేపు సంగతేందని అడిగాడు. చూస్తామన్నారు. మళ్లీ ఆయనే, "మరి జింకలు?" అన్నాడు. నవ్వులు వచ్చాయి. అధికారి జవాబిచ్చేలోపలే మా అన్న, "వాటికేందప్పా, నాలుగు కాళ్లుండాయి. యాడన్నా బతుకుతాయి" అన్నాడు.

ఆ మాటలో దురుద్దేశం లేదు. జింకలు అంటే ఆయనకు ప్రాణమని నాకు తెలుసు. బీడు తరిగిపోయే వస్తువని ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

ఇనుప కంచె పడింది. దాని లోపల ప్లేట్లు వరసలు వరసలుగా లేచాయి. ఊర్లో కొందరికి కాపలా పనులు, ప్లేట్లు కడిగే పనులు దొరికాయి. మొదటి చలికాలం జింకలు కంచె పొడవునా తిరిగాయి. దారి ఇక్కడే కదా ఉండాలి అన్నట్టు ఒక్కోచోట ఆగి, లోపలికి చూసి, మళ్లీ నడిచేవి. తర్వాత చేలలోకి వచ్చాయి.

లేత శనగ మొలకంటే వాటికి ఇష్టం. అన్న చేను చివరిది కాబట్టి మొదట దెబ్బ తగిలింది అక్కడే. విత్తిన చేను మొలకెత్తిన వారానికే ఖాళీ అయింది. మళ్లీ విత్తాడు. మళ్లీ అంతే. వదిన డబ్బా రేకు పట్టుకుని కొట్టుకుంటూ పొద్దుగూకేదాకా గట్ల మీద తిరిగేది. అటవీ శాఖ వాళ్లకు చెబితే ఒక గార్డు వచ్చి చూసి, "మీ బాధ అర్థమయితాది పెద్దాయనా. కానీ వాటి మీద చెయ్యి పడితే మాత్రం కేసే. నష్టానికి అర్జీ పెట్టుకోండి" అని చెప్పి వెళ్లాడు.

"అర్జీ పెట్టేది నేను గదా, జింకలు గాదు గదా. అవి మళ్లీ రేపొస్తాయి" అన్నాడు అన్న నాతో.

చీరలు కడితే భయపడతాయని ఎవరో చెప్పారు. మా బడిలో టీచర్లను అడిగి పాత చీరలు మూటగట్టి ప్రొద్దుటూరు నుంచి బస్సులో తీసుకుపోయాను. చేను చుట్టూ కట్టాం. ఎర్రవి, పచ్చవి, జరీ ఊడినవి గాలికి రెపరెపలాడుతుంటే ఏదో పెళ్లిలాగా ఉందని వదిన నవ్వింది. కొద్దిరోజులు పనిచేసింది. రంగులు ఎండకు వెలిసిపోయేసరికి జింకలకూ అలవాటైపోయింది, చీరల కింద నుంచే దూరి వచ్చేవి.

అప్పుడు మైలవరం డ్యాం దగ్గర చేపలు పట్టేవాళ్ల పాత వలలు తెచ్చి కట్టాడు. చుట్టుపక్కల అందరూ అదే చేస్తున్నారు. జింక దూకలేదు, దూరలేదు, దెబ్బా తగలదు అనుకున్నాడు.

ఒక రెండో శనివారం బడి లేదని నేను ఊర్లోనే ఉన్నాను. తెల్లవారి కాఫీ తాగుతుంటే చేను వైపు నుంచి అన్న కేక వినపడింది. వదినా నేనూ పరిగెత్తాం. ఆడజింక ఒకటి వలలో పడి ఉంది. తప్పించుకోవాలని పొర్లిన కొద్దీ వల మెడకు, కాళ్లకు చుట్టుకుపోయింది. నోటి దగ్గర నురగ. నిండు కడుపుతో ఉంది. అన్న దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని కొడవలితో ఒక్కొక్క తాడూ కోస్తున్నాడు.

"కండ్లు మూయ్ పాపా, దాని కండ్లు మూయ్. మనల్ని సూసి బెదురుతాంది."

నా కొంగు దాని ముఖం మీద కప్పాను. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో దాని మెడ మీద ఆనించిన నా చేతికి తెలిసింది. వల విడిపోయినా అది లేవలేదు. గార్డుకు ఫోను చేస్తే, నీడలో ఉంచమని, జనాన్ని దగ్గరికి రానీయొద్దని, జమ్మలమడుగు నుంచి డాక్టరును తీసుకొస్తున్నానని చెప్పాడు. అప్పటికే ఊరు కదిలింది. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. వదిన రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "పోండప్పా, మీకు పున్నెముంటాది, పోండి" అని బతిమాలింది. ఎవరూ పోలేదు.

డాక్టరు వచ్చేటప్పటికి జింక పోయింది. ఆయన చూసి, గాయాలేమీ పెద్దవి కావన్నాడు. "భయానికే పోయింది. వీటికి గుండె తట్టుకోదు" అన్నాడు. కడుపులోది కూడా దక్కలేదు.

ఊర్లో పెద్దమనుషులు ఒకరిద్దరు అన్నను పక్కకు తీసుకుపోయి, కుక్కలు తరిమినాయని చెప్పమన్నారు. గార్డు కూడా ఆ మాట వస్తే రాసుకోవడానికి సిద్ధంగానే ఉన్నట్టు కనిపించాడు.

"వల ఎవరిదప్పా?" అని అడిగాడు.

"నాదే సార్. నేనే కట్టినా" అన్నాడు అన్న.

కావాలని చేసింది కాదని తేలి కేసు ముందుకు పోలేదు గానీ, అది తేలేదాకా జమ్మలమడుగు ఆఫీసుల చుట్టూ ఎన్ని ఎండల్లో తిరిగాడో. ఒకసారి నేను తోడు పోయాను. బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉన్నట్టుండి, "పాపా, ఆ పొద్దు మీటింగులో నేనెందుకంత గెట్టిగా మాట్లాడినా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకపోయినా వాళ్లు పెట్టేవాళ్లేన్నా."

"పెడతారు. కరెంటు గావాల్సిందే, దాన్ని తప్పనను. బీడంతా ఇచ్చేయమని ఎవురడిగినారు? సగం ఇడ్సండని ఒక మాట అనుంటే? అడిగుంటే ఇచ్చేవాళ్లేమో. అడిగినోని నోరు మూసింది నేను."

ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఏడే వలలు విప్పేశాడు. చేను చివర ఒక ఎకరం చెక్కలో జొన్న చల్లి జింకలకు వదిలేశాడు. పక్క చేలవాళ్లకు కోపం వచ్చింది. నువ్వు మేపి మా మీదికి తోలుతున్నావని గొడవపడ్డారు. వాళ్లదీ న్యాయమే. ఒక ఎకరం జొన్న, పోయిన బీడుకు బదులు కాదు కదా.

తర్వాత రెండో విడత ప్లేట్లకు మళ్లీ షామియానా పడింది. ఈసారీ అన్న మైకు అడిగాడు. కంచె ఇంకా పడని గడ్డి నేలలో కొంత వదలమని, గుట్టల దాకా మందకు ఒక దారి ఉంచమని చెప్పాడు. చప్పట్లు రాలేదు. "పోయిన తూరి నువ్వే గదా మామా రమ్మంటివి. ఇప్పుడు మా పిల్లోల్ల పనులకు అడ్డం పడ్తాండావు" అని ఒక యువకుడు లేచి అడిగాడు. అన్న మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. అధికారులు మాత్రం విన్నారు. దారి వదిలారు కూడా. కంచెకూ తారురోడ్డుకూ మధ్య ఒక సన్నటి పట్టీ. ఆ ఇరుకులో కుక్కలు ఎదురైతే జింకకు తప్పుకునే చోటు లేదు. వేసవిలోపలే మంద చెదిరిపోయింది. కొన్ని పెన్న వైపు పోయాయన్నారు. కొన్ని రోడ్డు మీద బండ్ల కింద పడ్డాయి. నేను బస్సులో వస్తూ ఒకదాన్ని చూశాను, చూసినట్టు అన్నకు చెప్పలేదు.

అన్న చేను కౌలుకిచ్చి పులివెందులలో కూతురి దగ్గరికి వెళ్లాడు. అల్లుడికి చీనీతోట, అంటే బత్తాయితోట ఉంది. వదిన ఆ ఇంటి పనుల్లో పడి కుదురుకుంది. అన్న తోట చూసుకుంటాడు. అక్కడా బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకుంటున్నారు. నేను చూడబోయిన రోజు పైపు పట్టుకుని ఒక్కొక్క పాదుకూ నీళ్లు పెడుతున్నాడు. ఒక కొమ్మ మీద పిట్టగూడు ఉందని ఆ చెట్టుకు కత్తిరింపు చేయనీయలేదట. అల్లుడు నవ్వుతూ చెప్పాడు. అన్న నవ్వలేదు.

పోయిన ఏడు అదను మీద వానలు పడ్డాయి. చాలా ఏళ్లకు శనగ అద్భుతంగా వచ్చింది. కౌలుదారు పిలిస్తే అన్న ఊరికి వచ్చాడు. నేనూ ప్రొద్దుటూరు నుంచి వెళ్లాను. చేను గట్టు నుంచి గట్టు దాకా పచ్చగా ఉంది. చీరలు లేవు, వలలు లేవు, ఎక్కడా ఒక గిట్ట జాడ లేదు.

"ఈ తూరి కాపలా పనే ల్యాకపాయ మామా. ఒక్క మొక్క పోలే" అన్నాడు కౌలుదారు సంతోషంగా.

"మంచిదే నాయనా. బాగా పండింది" అన్నాడు అన్న.

గట్టు మీద నిలబడి చాలాసేపు కంచె వైపు చూశాడు. ప్లేట్ల మీద ఎండ మెరుస్తోంది. భోంచేసి పొమ్మని కౌలుదారు ఎంత చెప్పినా వినలేదు, ఆకలి లేదన్నాడు. జమ్మలమడుగు బస్సు ఎక్కించడానికి నేను స్టాపు దాకా వెళ్లాను. ఎప్పుడూ కిటికీలోంచి చెయ్యూపే మనిషి. ఆ రోజు తల వంచుకుని కూర్చున్నాడు. బస్సు కదిలింది.